క్యాన్సర్ వస్తే బీమా ఎంతవరకు ఆదుకుంటుంది? మన జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర ఊరు. 2021లో మా అమ్మకు అంగిలి క్యాన్సర్ వచ్చింది. విశాఖలో ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్ చేయించి, కరెంటు (రేడియేషన్) పెట్టించి తీసుకొచ్చాం. అమ్మ ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంది, మెత్తగా కలిపిన అన్నం తింటోంది. అప్పటి నుంచి చుట్టాల్లోనో, వాళ్ళకు తెలిసినవాళ్ళలోనో ఈ జబ్బు పేరు వినపడితే నాకు ఫోన్ వస్తుంది. రాజాం నుంచి, నరసన్నపేట నుంచి, టెక్కలి నుంచి కూడా. దాదాపు అందరూ అడిగేవి ఇవే ప్రశ్నలు. నేను డాక్టర్ని కాను, బీమా ఏజెంటునీ కాను. తిరిగి తెలుసుకున్నవి, చదివి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

కార్డు ఉంది కదా, క్యాన్సర్‌కి మొత్తం ఫ్రీయే కదా?

జబ్బు ఖాయమయ్యాక చాలావరకు అవును. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ప్యాకేజీల్లో ఉంటాయి. మనవాళ్ళు నష్టపోయేది అంతకుముందే.

అమ్మ అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళకు ఉన్నదే. ఒకరోజు పులుసు తగిలి మంట అంది. నోరు తెరిపించి టార్చి వేసి చూశాను. అంగిలి అంతా సున్నం రాసినట్టు తెల్లగా ఉంది, మధ్యమధ్యలో చిన్న ఎర్ర చుక్కలు. ఎడమ పక్క మాత్రం కందిగింజంత పుండు. "నొప్పి నేదు కదా బాబూ, అదే మానిపోతాది" అంది. మేమూ అలాగే అనుకున్నాం. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర మూడు వారాలు బిళ్ళలు వాడాం. తర్వాత పళ్ళ డాక్టరు, తర్వాత ఒక స్కాన్ సెంటరు, ఆ తర్వాత ఇంకో డాక్టరు, మళ్ళీ అదే స్కాన్. మూడు నెలలు గడిచాయి, పాతిక వేలు దాటింది. ఆ డబ్బు ఏ పథకం నుంచీ తిరిగి రాలేదు. పుండు మాత్రం పెరిగింది.

కార్డు ఎలా పనిచేస్తుందో అప్పుడు తెలియలేదు. ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు, స్కాన్లు జతచేసి ఆసుపత్రి వాళ్ళు ప్రీ-ఆథ్, అంటే చికిత్సకు ముందస్తు అనుమతి కోరే అర్జీ, పంపిస్తారు. పథకం నడిపే ట్రస్టు డాక్టర్లు చూసి ఒప్పుకుంటే అప్రూవల్ పడుతుంది. అప్పుడే చికిత్స మొదలవుతుంది. అంటే బీమా తలుపు తెరుచుకునేది జబ్బుకు పేరు పడ్డాకే. ఆ పేరు పడేదాకా మనం బయట తిరిగిన రోజులన్నీ మన ఖాతాలోనే.

కాబట్టి నేను అందరికీ మొదట చెప్పేది ఇదే. అనుమానం వచ్చిన రోజే బయట స్కాన్లకు పరిగెత్తకండి. కార్డు పట్టుకుని నేరుగా నెట్‌వర్క్ (పథకంలో చేరిన) ఆసుపత్రికి వెళ్ళి, అక్కడ కౌంటర్లో రోగులకు దారి చూపే పథకం మనిషి, మిత్ర, దగ్గర పేరు రాయించుకోండి. పథకంలో ఉన్న జబ్బని అనుమానం ఉంటే పరీక్షలు అక్కడే చేయించే ఏర్పాటు ఉంది. ఏ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో 104కి ఫోన్ చేస్తే చెబుతారు.

నొప్పి లేని మచ్చకు కూడా ఆసుపత్రికి వెళ్ళాలా? దానికి కార్డు కావాలా?

వెళ్ళాలి. కార్డుతో పనిలేదు. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు నోటి క్యాన్సర్, ఆడవాళ్ళకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ప్రాథమిక పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఊళ్ళోకి వచ్చే ఏఎన్ఎమ్మను అడగండి. నోరు చూడటానికి టార్చి లైటు చాలు. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, ఇవేవీ "చూద్దాంలే" అని వదిలేయాల్సినవి కావు.

అడ్డచుట్ట గురించి ఇంకో మాట. మన ప్రాంతపు అంగిలి క్యాన్సర్ ప్రపంచ వైద్య పుస్తకాల్లోకి ఎక్కి యాభై ఏళ్ళు దాటింది. 1971లో వచ్చిన ఒక అధ్యయనం అడ్డపొగ అలవాటున్న ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అంగిలి మీద పొగ చేసే మార్పులను రాసిపెట్టింది. అది ఊరూరా తిరిగి నోళ్ళు చూసి చేసిన పని. అయినా మా అమ్మ లాంటివాళ్ళకు ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు. ఈ విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆరోగ్యశ్రీ, వైద్య సేవ, ఆయుష్మాన్ అంటున్నారు. మాకేది వర్తిస్తుంది?

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది. వాటిలో మన శ్రీకాకుళం ఒకటి, మిగతావి అనంతపురం, మహబూబ్‌నగర్. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారినా పాత కార్డు చెల్లదేమోనని టెన్షన్ పడక్కర్లేదు, ఆధార్‌తో చూస్తారు. కుటుంబానికి ఏడాదికి 25 లక్షల పరిమితి 2023 డిసెంబరులో వచ్చింది. ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబరులో మొదలైన కేంద్ర పథకం, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. 70 ఏళ్ళు నిండినవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల కవరేజీ 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ కార్డు ఇప్పుడే తీసి పెట్టండి, జబ్బు వచ్చాక సచివాలయం చుట్టూ తిరగడం కష్టం.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఇంకో మార్పుకు ఒప్పుకుంది. కుటుంబానికి మొదటి రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు భరించే పద్ధతి. క్యాన్సర్‌కి ఇది పట్టించుకోవాల్సిన విషయమే. ఆపరేషన్, ఆపై కీమో, ఆపై రేడియేషన్ అంటే రెండున్నర లక్షలు దాటే ఇళ్ళు చాలా ఉంటాయి. చికిత్స మధ్యలో డబ్బు కట్టేవాళ్ళు మారినా రోగికి ఒక్క రోజు కూడా ఆలస్యం కాకూడదు. ఆ అప్పగింత ఎలా జరుగుతుందో మనం అడుగుతూ ఉండాలి.

కార్డు తీసుకోం, ముందు డబ్బు కట్టండి అంటే?

ఆసుపత్రులకు బకాయిలు పేరుకుపోయినప్పుడు నెట్‌వర్క్ సేవలు ఆగిపోవడం మనం చూశాం. 2025 అక్టోబరులో రాష్ట్రమంతా జరిగింది. మామూలు ఆపరేషన్ అయితే వారం వాయిదా వేసుకోవచ్చు. మూడు వారాలకోసారి ఎక్కించాల్సిన కీమో అలా ఆగకూడదు. అలాంటప్పుడు ప్రభుత్వ, ట్రస్టు ఆసుపత్రుల వైపు వెళ్ళండి. విశాఖలో కేజీహెచ్ ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళకు అది ఊరు దాటి, గాజువాక కూడా దాటాక వస్తుంది. తెల్లవారుజామునే బయలుదేరండి.

నేను జూట్ మిల్లులో పనిచేస్తాను. ఈఎస్ఐ పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది. చాలామంది వాడుకోరు. నెల జీతం 21 వేల లోపు ఉంటే మీ జీతంలో 0.75 శాతం ఇప్పటికే కోసుకుంటున్నారు, అందులో ఇంటిల్లిపాదికీ వైద్యం ఉంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులకు, రెండేళ్ళుగా ఉద్యోగంలో ఉండి చందా సరిగా పడి ఉంటే, జీతంలో 80 శాతం దాకా రెండేళ్ళ వరకు ఇస్తారు. నెల్లిమర్ల, బొబ్బిలి మిల్లుల్లోనూ, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లోనూ పనిచేసే పిల్లలకు ఈ సంగతి చెప్పండి. మిగతా పథకాలు ప్రధానంగా ఆసుపత్రి బిల్లే కడతాయి.

ప్రైవేటు పాలసీ ఇప్పుడు తీసుకుంటే క్యాన్సర్‌కి వెంటనే వస్తుందా?

ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసుకుంటే మొదటి 30 రోజులు ఆగాలి. ఒకేసారి మొత్తం డబ్బు ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ అయితే సాధారణంగా 90 రోజులు. దాంట్లో ఇంకో మెలిక ఉంది. బాగా తొలిదశలో, చుట్టుపక్కల కండలోకి దిగని క్యాన్సర్‌కి చాలా పాలసీల్లో డబ్బు రాదు. తొందరగా కనిపెట్టినవాళ్ళకే రాకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. కానీ షరతు అదే. ముందే తెలుసుకుని తీసుకోండి.

జబ్బు ముందే ఉంటే దానికి గరిష్ఠంగా 36 నెలలు ఆగాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ మార్చింది, అంతకుముందు 48 ఉండేది. ఐదేళ్ళు వరసగా ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప, "అప్పుడు చెప్పలేదు" అని క్లెయిమ్ కొట్టెయ్యడానికి వీల్లేదు. ఇదే ఇదివరకు ఎనిమిదేళ్ళు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు.

ఏజెంటు ఫారం నింపుతూ "చుట్ట, ఖైనీ ఏమీ లేవని రాస్తున్నానండీ, ప్రీమియం తగ్గుద్ది" అంటారు. రాయనివ్వకండి. నోటి క్యాన్సర్ వచ్చిన రోజు ఆ ఒక్క గడే మీకు అడ్డం పడుతుంది. కేసు షీట్లో డాక్టరు "ఇరవై ఏళ్ళుగా చుట్ట" అని రాస్తారు, అది చూసి కంపెనీ వాళ్ళు చెయ్యి ఎత్తేస్తారు.

బిల్లులో సగం కోసేశారు. ఏం చేయాలి?

మా బావకి పెద్దపేగు క్యాన్సర్. ప్రైవేటు పాలసీ, 5 లక్షలు. గది అద్దె పరిమితి ఒక శాతం, అంటే రోజుకు 5,000. ఆసుపత్రిలో ఖాళీ లేదని 7,500 గది ఇచ్చారు. రోజుకు 2,500 తేడా మేం కట్టుకుంటే సరిపోతుందని అనుకున్నాం. డిశ్చార్జి రోజు చూస్తే సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీలు అన్నిటిలోనూ మూడో వంతు కోత. 1,20,000కి 80,000 వచ్చింది. గది ఖరీదును బట్టి డాక్టరు ఫీజు పెరిగే ఆసుపత్రుల్లో ఆ కోత వాళ్ళ నిబంధనే. అయితే మందులు, ఇంప్లాంట్లు, ల్యాబ్ పరీక్షల మీద కూడా అదే కోత వేశారు. అది నిబంధనలకు విరుద్ధం. అప్ప, అంటే మా అక్క, కౌంటర్ దగ్గర ఏడుస్తుంటే నేను బిల్లు తీసుకుని ఒక్కో వరసా పెన్సిలుతో గీసుకుంటూ కూర్చున్నాను. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాక ఆ భాగం వెనక్కి వచ్చింది. ఐదు వారాలు పట్టింది.

మీరూ అలాగే చేయండి. తిరస్కరించినా, కోసినా కారణం కాగితం మీద అడగండి. మొదట కంపెనీకి ఫిర్యాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీ జవాబిచ్చిన ఏడాదిలోపు వెళ్ళాలి. నియంత్రణ సంస్థ టోల్‌ఫ్రీ 155255. క్యాష్‌లెస్ అడిగితే గంటలో, డిశ్చార్జికి మూడు గంటల్లో కంపెనీ తేల్చాలని 2024 మేలో వచ్చిన ఆదేశం. ఈ మాట కౌంటర్లో మర్యాదగా చెప్పి చూడండి, పని వేగంగా జరుగుతుంది.

డాక్టరు ఖరీదైన ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రక్షణ శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే మందు) రాశారు. పాలసీలో లేదంటున్నారు, నిజమేనా?

"లేదు" అంటే నమ్మి వచ్చేయకండి. 2019లో నియంత్రణ సంస్థ పన్నెండు ఆధునిక చికిత్సల జాబితా ఇచ్చింది. నోటి ద్వారా తీసుకునే కీమో, ఇంజెక్షన్‌గా ఇచ్చే ఇమ్యునోథెరపీ, రోబో సర్జరీ అందులో ఉన్నాయి. వాటిని పూర్తిగా తీసెయ్యడానికి వీల్లేదు, పరిమితి మాత్రం పెట్టుకోవచ్చు. మీ పాలసీలో ఆ పరిమితి ఎంతో చూడండి. పది లక్షల పాలసీలో ఇమ్యునోథెరపీకి లక్షే ఉండవచ్చు. ప్రభుత్వ పథకంలో అయితే మందు ప్యాకేజీ జాబితాలో ఉందా లేదా అన్నదే లెక్క.

డాక్టరుగారిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఇదే పని చేసే, ప్యాకేజీలో ఉన్న మందు ఉందా అండీ?" సిగ్గుపడకండి. చాలాసార్లు ఉంటుంది.

బీమాకీ పరిశోధనకీ ఏమిటి సంబంధం? మాకెందుకు అది?

బీమా దేనికి డబ్బిస్తుందో ఆసుపత్రుల్లో అదే ఎక్కువగా జరుగుతుంది. ఏది జరుగుతుందో దాని గురించే లెక్కలు పోగవుతాయి. ఆ లెక్కల నుంచే రేపటి వైద్యం పుడుతుంది. కాబట్టి మనకు అక్కర ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను, మన నోటి క్యాన్సర్లకు సంబంధించిందే. నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు మామూలు డోసులో వాడితే మన దేశంలో చాలా తక్కువమందికే అందుతుంది. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు 20 మిల్లీగ్రాములు, అంటే మామూలు డోసులో పదో వంతు కన్నా తక్కువ ఇచ్చి చూశారు. ముదిరిన తల, మెడ క్యాన్సర్ రోగులకు చవకైన బిళ్ళల చికిత్సతో కలిపి ఇచ్చారు. బిళ్ళలు మాత్రమే వాడినవాళ్ళలో ఏడాది తర్వాత బతికి ఉన్నది నూటికి 16 మంది. ఈ చిన్న డోసు కలిపినవాళ్ళలో 43 మంది. 2022లో ఆ ఫలితాలు వచ్చాయి. డోసు తగ్గిస్తే మందుల కంపెనీకి లాభం తగ్గుతుంది, అలాంటి ట్రయల్‌కి వాళ్ళు ముందుకు రారు. జనం డబ్బుతో నడిచే ఆసుపత్రులే చేయాలి. ఫలితం వచ్చాక దాన్ని ప్యాకేజీలో చేర్చాల్సింది పథకాలు నడిపేవాళ్ళు. చేర్చకపోతే ఆ పరిశోధన కాగితం మీదే ఉండిపోతుంది. ఈ డోసు సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి, మీ అంతట మీరు తగ్గించమని పట్టుబట్టకండి.

ఇంకోటి. మన రాష్ట్రంలో 2007 నుంచి కార్డు మీద చికిత్స అయిన ప్రతి క్యాన్సర్ కేసుకూ ముక్క రిపోర్టు, స్కాన్, ఏ ఊరు, ఏ వయసు, ఏ చికిత్స అన్నీ కంప్యూటర్లో ఎక్కాయి. కానీ బిల్లు చెల్లించడం కోసం దాచిన వివరాల్లో రోగి ఐదేళ్ళ తర్వాత ఎలా ఉన్నాడన్నది ఉండదు. బిల్లు మూసేశాక మళ్ళీ ఎవరూ అడగరు. మా అమ్మ బతికి ఉందని ఆ ఫైలుకి తెలియదు. ప్యాకేజీలోనే ఏడాదికోసారి ఫాలోఅప్ నమోదు పెడితే, అడ్డచుట్ట ఊళ్ళలో ఎవరు ఎందుకు బతుకుతున్నారో, ఎవరు ఏ దశలో వస్తున్నారో తెలిసేది. ఇది అసాధ్యమైన పని కాదు.

ట్రయల్‌లో చేరమంటున్నారు. మా మీద ప్రయోగాలు చేస్తారా? బీమా పోతుందా?

ఈ భయం సహజం. మా అప్ప కూడా "మన మీద మందులు పరీచ్చ చేస్తారట" అని గోల పెట్టింది. విషయం ఇది. పరీక్షిస్తున్న మందు మామూలుగా ఉచితంగానే ఇస్తారు. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ట్రయల్ చేయించేవాళ్ళదే బాధ్యత. రోగుల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. సంతకం చేయించే కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే తెలుగులో అడగండి. ఎప్పుడైనా మానేయొచ్చు, మానేసినందుకు మామూలు చికిత్స ఆపకూడదు. ప్రతి ట్రయల్ దేశవ్యాప్త రిజిస్ట్రీలో ముందే నమోదై ఉండాలన్నది 2009 నుంచి ఉన్న నియమం. ఆ నమోదు నంబరు అడిగి రాసుకోండి.

బీమా సంగతి కాస్త చిక్కు. పాలసీల్లో "నిరూపణ కాని చికిత్స"కు డబ్బు ఇవ్వమనే షరతు ఉంటుంది. ట్రయల్ మందు ఎలాగూ ఫ్రీ. మరి మామూలుగా జరగాల్సిన స్కాన్లు, బెడ్, రక్తపరీక్షలు? అమెరికాలో 2014 నుంచి, ట్రయల్‌లో ఉన్నాడని చెప్పి ఈ మామూలు ఖర్చులు ఎగ్గొట్టకూడదని బీమా కంపెనీలకు చట్టం ఉంది. మన దగ్గర అలాంటి స్పష్టత రాలేదు, రావాలి. అప్పటిదాకా చేరేముందే ట్రయల్ కోఆర్డినేటర్‌ని అడిగి, ఏ ఖర్చు ఎవరిదో రాతలో తీసుకోండి.

బీమా ఉంటే నిజంగా ప్రాణాలు నిలుస్తాయా, ఖర్చు మాత్రమే తగ్గుతుందా?

నిలుస్తాయి. కర్ణాటకలో వాజపేయి ఆరోగ్యశ్రీ కొన్ని జిల్లాల్లో ముందు మొదలైంది, పక్క జిల్లాల్లో తర్వాత వచ్చింది. సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న పల్లెలను పోల్చి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. పథకం ఉన్న ఊళ్ళలో పేద కుటుంబాల్లో, గుండెజబ్బు, క్యాన్సర్ లాంటి పథకం చూసుకునే జబ్బులతో చనిపోయినవాళ్ళు 0.32 శాతం, లేని ఊళ్ళలో 0.90 శాతం. ఆ పథకంలో ఆసుపత్రులు పల్లెల్లో క్యాంపులు పెట్టి రోగులను వెతికి తీసుకెళ్ళేవి. మన ఆరోగ్యశ్రీ మొదట్లో కూడా క్యాంపులు జరిగేవి. నోళ్ళు చూసే క్యాంపు మా ఊళ్ళో మళ్ళీ పెట్టమని అర్జీ ఇచ్చాను, ఇస్తూనే ఉంటాను.

దారి ఖర్చుల సంగతి?

రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకు 75 శాతం రాయితీ. ఆసుపత్రి నుంచి ఫారం మీద సంతకం, ముద్ర తెచ్చుకోవాలి. కార్డు చాలనప్పుడు ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా అర్జీ పెట్టుకోవచ్చు.

ముక్క పరీక్ష చేసిన చోట మైనం బిళ్ళ ఇచ్చారు. పారేయొచ్చా?

వద్దు! అది బ్లాక్. తీసిన ముక్కను మైనంలో పోసి దాచిన బిళ్ళ, అగ్గిపెట్టెలో పట్టేంత ఉంటుంది. ఆసుపత్రి మారినా, రెండో అభిప్రాయం కావాలన్నా, కొత్త మందు పనిచేస్తుందా అని చూడాలన్నా, ఆ బిళ్ళ నుంచే మళ్ళీ పలచటి పొర కోసి పరీక్షిస్తారు. బ్లాక్ ఉంటే చాలాసార్లు మళ్ళీ ముక్క కొయ్యక్కర్లేదు, అప్రూవల్ కూడా ఆలస్యం కాదు. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ఎండ తగలని చోట పెట్టండి, మైనం కరగకూడదు.

మా అమ్మది మందుల చీటీలు, డిశ్చార్జి కాగితాలతో కలిపి బట్టల షాపు కవర్లో బీరువాలో ఉండేది. ఆసుపత్రిలో చికిత్స మొదలుపెట్టేముందు, మిగిలిన భాగం పరిశోధనకు వాడుకోవచ్చా అని ఒక కాగితం చదివి వినిపించారు. అమ్మ ఒకటే అడిగింది, "నా కార్డు రద్దవదు కదా?" ఏమీ అవదని చెప్పాక వేలిముద్ర వేసింది.